తొంభై రెండు దగ్గర తిరగాల్సిన ఫ్యాన్

నవంబరు 2, ఆదివారం

ఈ పుస్తకం ల్యాబు నుంచి తెచ్చాను. నీటి సరఫరా పైపుల ప్రెషర్ గేజీలు పరీక్షించి రీడింగులు రాసుకునే పుస్తకం. వెనక సగం ఖాళీగా ఉంది. కారు సంగతి తేలేదాకా ఇందులో రాస్తాను. కారు సంగతి మాత్రమే.

నిన్న రైల్వే గేటు దగ్గర కారు మరిగింది. గేటు పడి పన్నెండు నిమిషాలైంది. ఇంజను ఆపకపోవడం నా తప్పే. ముల్లు సగం దాటింది, ముప్పావు దాటింది, ఎర్రగీత ఎక్కి కూర్చుంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. వెనక లారీ డ్రైవరు దిగి వచ్చి, "సార్, మీ ఫ్యాన్ తిరగట్లేదు" అన్నాడు. వంగి చూస్తే నిజమే. ఇంజను అంత ఉడికిపోతున్నా రేడియేటర్ వెనక ఫ్యాన్ నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

కారు వయసు పదిహేడేళ్ళు. కొత్తగా కొన్నది మేమే కాబట్టి దాని రోగాలన్నీ నాకు తెలుసు. ఈ రోగం మాత్రం కొత్తది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. అట్టపెట్టెలో పుస్తకాలు సర్దుకుంటోంది. "నేను నడిపితే ఎప్పుడూ వేడెక్కదండీ" అంది తలెత్తకుండా. "నేను ఏసీ వేసుకుంటాగా, అందుకేమో."

నాకు నవ్వొచ్చింది. ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పడుతుంది, ఉన్న వేడి ఇంకా పెరుగుతుంది. ఆ మాటే చెప్పాను. "ఏమో మరి" అంది. పాతికేళ్ళుగా మా ఇంట్లో సాంకేతిక చర్చలన్నీ ఆ "ఏమో మరి" దగ్గరే ముగుస్తున్నాయి.

ఇరవై నాలుగో తేదీ సోమవారం ఆవిడ కొత్త ఉద్యోగంలో చేరాలి. ఇక్కడ కాలేజీ లైబ్రరీలో పద్దెనిమిదేళ్ళు రెండో కుర్చీలో కూర్చుంది. అక్కడ మొదటి కుర్చీ. ఐదు గంటల దూరం. లైబ్రరీకి ఊరి చుట్టూ మూడు శాఖలున్నాయట. వారంలో మూడూ తిరగాలి, సొంత వాహనం తప్పనిసరి అని ఉత్తర్వులోనే రాశారు. నా రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది, ల్యాబు వదిలి నేను కదలలేను. కాబట్టి కారు ఆవిడతో వెళ్తుంది. కారు వెళ్ళగలిగితేనే ఆవిడ వెళ్తుంది.

ఆవిడ వెళ్ళడానికి నాకేమీ అభ్యంతరం లేదు. సందేహానికి తావు లేకుండా ఆ సంగతి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నవంబరు 3, సోమవారం

ఫ్యూజు చూశాను. బాగుంది.

నవంబరు 5, బుధవారం

ల్యాబు నుంచి పెందలాడే వచ్చి, వెలుతురు ఉండగానే బానెట్ ఎత్తాను.

బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి నేరుగా ఫ్యాన్ మోటారుకి ఇచ్చాను. ఝామ్మని తిరిగింది. మోటారుకి జబ్బు లేదు.

ఫ్యాన్‌కి కరెంటు అందించే రిలే, హారన్ రిలే ఒకే రకం. దీని చోట దాన్ని, దాని చోట దీన్ని పెట్టి హారన్ కొట్టాను. మోగింది. పక్కింటి కుక్క కూడా మోగింది. రిలేకీ జబ్బు లేదు.

ఇక మిగిలింది రేడియేటర్ కింది మూలన బిగించి ఉండే చిన్న స్విచ్. లోపలి నీళ్ళు తొంభై రెండు డిగ్రీలకి చేరగానే దాని లోపలి కొసలు కలుసుకుని ఫ్యాన్‌ని తిప్పాలి. దానికొచ్చే రెండు వైర్లూ ఊడదీసి తీగముక్కతో కలిపాను. ఫ్యాన్ తిరిగింది.

అంటే పోయింది స్విచ్చే. బహుశా.

మా పనిలో "బహుశా" అని రాసి సంతకం పెట్టడానికి వీల్లేదు. ఒక గేజీ తప్పు చూపిస్తోందని చెప్పాలంటే మూడు రోజులు, మూడు రీడింగులు కావాలి. కారుకి మాత్రం వేరే న్యాయం ఎందుకుండాలి?

"దొరికిందా?" అని వంటింటి కిటికీలోంచి అడిగింది ఆవిడ.

"చూస్తున్నాను" అన్నాను.

నవంబరు 8, శనివారం

రేడియేటర్‌లో నీళ్ళు దించి స్విచ్ ఊడదీశాను. ల్యాబు థర్మామీటరు తెచ్చాను. గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, స్విచ్‌ని తీగతో వేలాడదీశాను. దానికో చిన్న బల్బు కలిపాను. స్విచ్ పనిచేస్తే బల్బు వెలగాలి.

"ఆ గిన్నెలో మళ్ళీ నన్ను వండమనకండి" అంది ఆవిడ. కానీ పక్కనే నిలబడి చూసింది.

ఎనభై ఐదు. తొంభై. తొంభై రెండు. తొంభై ఐదు. తొంభై ఎనిమిది. నీళ్ళు తెర్లిపోయాయి. బల్బు వెలగలేదు.

"వెలగాలా అది?"

"వెలగాలి."

"వెలగలేదుగా."

"ఇది ప్రాథమిక పరీక్ష" అన్నాను.

ఆవిడ నన్నో క్షణం చూసి గదిలోకి వెళ్ళిపోయింది. ఇంకో రెండుసార్లు చల్లార్చి, మళ్ళీ మరిగించాను. రెండుసార్లూ వెలగలేదు. మూడు రీడింగులు ఒకే రోజు తీసినవి. రేడియేటర్ లోపల ఒత్తిడి ఉంటుంది, గిన్నెలో ఉండదు. ఆ తేడా లెక్కలోకి తీసుకోవాలి. రేడియేటర్ కారకుండా పాత స్విచ్చే మళ్ళీ బిగించేశాను.

నవంబరు 9, ఆదివారం

కొత్త స్విచ్ కొన్నాను, బామ్మర్ది దుకాణంలో. ఆవిడ తమ్ముడు కార్ల విడిభాగాలు అమ్ముతాడు. మనిషి మంచివాడే, నోరు మాత్రం ఊరుకోదు.

"మన బండికేనా బావా? ఐదు నిమిషాల పని. నేనొచ్చి బిగించెయ్యనా?"

"వద్దు. నేను చేసుకుంటా."

"అక్క ఎప్పుడు బయల్దేరుతోంది?"

"చూద్దాం."

"చూద్దామేంటి బావా! ఇరవై నాలుగుకల్లా అక్కడుండాలిగా!"

నవ్వి వచ్చేశాను. స్విచ్ నా సొరుగులో, కాగితాల కింద పెట్టాను. కావాలని కింద పెట్టలేదు, సొరుగు నిండా కాగితాలే. తొందరపడి కొత్తది బిగించేస్తే అసలు కారణం ఏదైనా ఉంటే మరుగున పడిపోతుంది.

నవంబరు 10, సోమవారం

పని ఒత్తిడి.

నవంబరు 11, మంగళవారం

పని ఒత్తిడి.

నవంబరు 12, బుధవారం

ఒక సంగతి తేలింది. ఇంజను నడుస్తుండగా ఏసీ బటన్ నొక్కాను. వెంటనే ఫ్యాన్ తిరిగింది. వైర్లు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే అర్థమైంది. ఏసీకి వేరే రిలే ఉంది. అది ఈ స్విచ్‌ని అడగదు. ఏసీ వేసిన మరుక్షణం ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

అందుకే ఆవిడ నడిపినప్పుడు బండి వేడెక్కలేదు. ఏసీ దండగని నేనెప్పుడూ వెయ్యను కాబట్టి నాకే మరిగింది. స్విచ్ పోయి ఎన్ని నెలలైందో ఎవరికి తెలుసు. ఒకటో తేదీన ఆవిడ అన్నది అక్షరాలా నిజం.

ఆవిడకి ఇంకా చెప్పలేదు. భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. ఈలోగా ఆవిడే, "శనివారానికి బండి సిద్ధమవుతుందా? అక్కడ అద్దెకి గది చూశాను. ఇంటావిడ పదకొండింటికి రమ్మంది. ఆ టైముకి రాకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంది" అంది.

నీళ్ళు నమిలాను. చివరికి, "నేను తీసుకెళ్తాలే. దారిలో పరీక్షించినట్టూ ఉంటుంది" అన్నాను.

"ఏం పరీక్ష?"

"బండి."

నవంబరు 13, గురువారం

ఇల్లంతా అట్టపెట్టెలు. ఒక్కోదాని మీద ఏముందో గుండ్రటి అక్షరాలతో రాస్తోంది. లైబ్రరీ అలవాటు. దేని మీదా నా పేరు లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదు.

నవంబరు 15, శనివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆరింటికి బయల్దేరాం. ఏసీ వెయ్యలేదు. హైవే మీద ఎదురుగాలికి రేడియేటర్ చల్లబడుతుంది, ఫ్యాన్‌తో పని ఉండదు. రెండున్నర గంటలు ముల్లు సగం కింద కదలకుండా ఉంది. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఒకసారి చిన్నగా కూనిరాగం కూడా తీసింది.

ఎనిమిది నలభైకి రోడ్డు పని దగ్గర ఆగాం. ఒకవైపే వదులుతున్నారు. ముందు ఎన్ని బండ్లున్నాయో కనపడలేదు.

8.44. ముల్లు సగం.

8.49. సగం మీద రెండు గీతలు.

"ఏసీ వెయ్యండి" అంది ఆవిడ.

"ఇంజనుకి బరువు" అన్నాను.

బుధవారం నాడు నేనే నా చేత్తో తేల్చుకున్న సంగతి. అయినా ఆ మాటే అన్నాను.

8.53. ముప్పావు. ఆవిడ బటన్ వైపు చెయ్యి చాపింది. "వద్దు, రీడింగు చెడిపోతుంది" అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

8.58. ఎర్రగీత. ఆవిరి.

పక్కకి తీసి ఆపాను. చల్లారడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ మోరీ గట్టు మీద కూర్చుని బత్తాయి వలుచుకుంది. సగం నాకిచ్చింది. ఇంటావిడకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. అవతల ఏమన్నారో వినపడలేదు. "సరేనమ్మా, మీ ఇష్టం" అని పెట్టేసింది. గది పోయిందని నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

నీళ్ళు పోసుకుని వెనక్కి తిరిగాం. తిరుగుదారిలో కూడా ఏసీ వెయ్యలేదు. వేస్తే ఒప్పుకున్నట్టు అవుతుందని.

ఇంటికొచ్చాక ఆయిల్ పుల్ల తీసి చూశాను. ఆయిల్‌లో నీళ్ళు కలవలేదు, ఇంజను బతికింది. అంత వేడికి ఇంజను పైనుండే హెడ్డు వంకరపోయేదే. పోయి ఉంటే కారుతో పాటు ఆవిడ ఉద్యోగమూ పోయేది. పోలేదు. ఎందుకు చేశానో ఇక్కడ కూడా రాయలేకపోతున్నాను.

నవంబరు 16, ఆదివారం

బామ్మర్ది వచ్చాడు. వాకిట్లో చెప్పులు విప్పుతూనే, "స్విచ్ బిగించావా బావా?" అన్నాడు. ఆవిడ అక్కడే ఉంది. నేను నోరు తెరిచేలోపు, "ఒరేయ్ తమ్ముడూ, కాఫీ తాగి వెళ్ళు. ఆ సంగతి మేం చూసుకుంటాం" అంది.

వాడు వెళ్ళాక కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"తొమ్మిదో తారీఖునే చెప్పాడు వాడు. బావ స్విచ్ కొనుక్కెళ్ళాడక్కా, బండి రెడీ అని."

వాడు తాగిన కాఫీ గ్లాసు పక్కకి జరిపాను.

"వారం నుంచీ మీ సొరుగులో ఉందని నాకు తెలుసు. నిన్న ఆ బటన్ నేను నొక్కొచ్చు. మీరు నొక్కుతారేమో చూద్దామని ఊరుకున్నా."

"గది..." అన్నాను.

"గది పోతే పోయింది. ఇంకోటి దొరుకుతుంది. ఒక్కటి అడుగుతాను, చెప్పండి. కారు సంగతి కాదు. నేను వెళ్ళడం మీకు ఇష్టమేనా?"

లేచి బయటికొచ్చి బానెట్ ఎత్తాను. చూడ్డానికి అక్కడేమీ లేదు. చాలాసేపు చూశాను.

నవంబరు 17, సోమవారం

మాటల్లేవు.

నవంబరు 18, మంగళవారం

పొద్దున కాఫీ దగ్గర చెప్పాను.

"నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు."

గొంతు పెద్దగా వచ్చింది. అంత గట్టిగా చెప్పాలనుకోలేదు. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"హమ్మయ్య" అంది.

కోపం వస్తుందేమో అనుకున్నాను, ఏడుస్తుందేమో అని కూడా అనుకున్నాను. హమ్మయ్య అంటుందని అనుకోలేదు.

"పదిహేను రోజుల నుంచీ ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నా. ఇంకా చెప్పండి."

చెప్పాను. ల్యాబు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండకపోవడం నాకు చేతకాదని చెప్పాను. ఎవరితో మాట్లాడాలో తెలియదని, ఆవిడతోనే సరిగా మాట్లాడటం రాదని కూడా చెప్పాను. అక్కడ ఆవిడ బాగుంటుందేమో అనే నాకు ఎక్కువ భయంగా ఉందని చెప్పాను. ఇది చెప్పడానికి సిగ్గేసింది. రాయడానికీ సిగ్గుగానే ఉంది.

అంతా విని, "సరే. ఇప్పుడు నేను చెప్తాను" అంది. "నేను వెళ్తున్నాను. మీరు వద్దన్నా వెళ్దామనే అనుకున్నా. కానీ మీరేమనుకుంటున్నారో విని వెళ్దామనుకున్నా. నేను మనిషికి చెప్పి వెళ్ళాలి గానీ, కారుకి చెప్పి వెళ్తే ఏం బాగుంటుంది?"

"కోపం లేదా?" అన్నాను.

"శనివారం గురించి ఉంది. అది అంత తొందరగా పోదు. పోయినప్పుడు చెప్తాను."

నవంబరు 20, గురువారం

సెలవు పెట్టాను. స్విచ్ బిగించాను. బామ్మర్ది చెప్పినట్టు ఐదు నిమిషాల పనే. నేను నలభై నిమిషాలు చేశాను. వాషరు కొత్తది వేశాను, వైర్ల కొనలు గీకి శుభ్రం చేశాను, రేడియేటర్‌లో గాలి లేకుండా నెమ్మదిగా నీళ్ళు నింపాను. ఇన్నేళ్ళలో ల్యాబులో ఇంత జాగ్రత్తగా పనిచేసినట్టు గుర్తులేదు.

ఏసీ ఆపి ఇంజను స్టార్ట్ చేశాను. ఫ్యాన్ దానంతటది తిరగాలి. వేడెక్కేదాకా కాచుకోవాలి. ఆవిడ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఇద్దరం ముల్లునే చూస్తున్నాం. అది తిరగకపోతే బాగుండునని ఒక పక్క అనుకున్నాను. చేసిన పని సరిగా ఉండాలని ఇంకో పక్క అనుకున్నాను. పద్నాలుగో నిమిషంలో టక్కుమంది. ఫ్యాన్ తిరిగింది. ముల్లు మెల్లగా కిందికి దిగింది.

"బాగా చేశారు" అంది.

చాలా రోజులకి ఆ మాట విన్నాను. ఇంజను ఆపి దిగాను.

నవంబరు 22, శనివారం

పొద్దున ఏడింటికి వెళ్ళింది. టైర్లు, బెల్టు, నీళ్ళు రెండుసార్లు చూశాను. నాలుగు ఫ్యూజులు, ఒక రిలే అరలో పెట్టి, ఏది దేనికో చీటీ రాసి అంటించాను. వెనక సీటంతా అట్టపెట్టెలే.

"దింపి రావచ్చుగా బావా" అన్నాడు బామ్మర్ది. "వద్దురా, నేనే నడుపుకుంటా" అంది ఆవిడ. నాతో మాత్రం, "ఆ ఊరికి బస్సులున్నాయి. నేను రమ్మని పిలవను. మీకు రావాలనిపిస్తే రండి" అంది.

తలూపాను. వీధి మలుపు దాకా కారు కనపడింది.

పన్నెండున్నరకి ఫోన్ వచ్చింది. చేరిందట. గది దొరికేదాకా అక్కడి లైబ్రరీ వాళ్ళ అతిథి గృహంలో ఉంటుందట. "రోడ్డు పని దగ్గర అరగంట ఆపేశారు. కావాలనే ఏసీ వెయ్యలేదు. ఫ్యాన్ మూడుసార్లు తిరిగింది. ముల్లు సగం దాటలేదు" అంది.

"మంచిది" అన్నాను.

పొద్దున ఏడు నుంచి పన్నెండున్నర దాకా, బండి ఎక్కడో ఆగిపోయిందని, వచ్చి తీసుకెళ్ళమని ఫోన్ వస్తుందేమోనని చూశాను. క్షేమంగా చేరాలనీ చూశాను. రెండు రీడింగులూ నిజమే, రెండూ రాస్తున్నాను.

నవంబరు 24, సోమవారం

ఈరోజు చేరింది. నేను ల్యాబుకి వెళ్ళొచ్చాను. ఇంట్లో ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో భయపడ్డాను. అలాగే ఉంది.

నవంబరు 25, మంగళవారం

కారు ఇక్కడ లేదు కాబట్టి ఈ పుస్తకం మూసెయ్యాలి.

నవంబరు 27, గురువారం

అన్నం రెండు రోజులుగా ఇద్దరికి సరిపడా వండుతున్నాను. బామ్మర్ది వచ్చి కూర్చుని తిన్నాడు. నోరు ఊరుకోని మనిషి కూడా ఇవాళ పెద్దగా మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "అక్క ఫోన్ చేస్తే ఫ్యాన్ గురించే అడుగుతున్నావట బావా" అన్నాడు.

నిజమే. నాలుగు రోజుల్లో నాలుగు ఫోన్లు. నాలుగుసార్లూ ముల్లు ఎక్కడుందనే అడిగాను.

నవంబరు 28, శుక్రవారం

ఈసారి నేనే చేశాను. ఆవిడ రెండో శాఖ నుంచి అప్పుడే వచ్చిందట. వెనక ఎవరో నవ్వుతున్నారు. తలుపు వేసుకుని వచ్చి, "చెప్పండి" అంది.

"రేపు ఆరున్నర బస్సుకి వస్తున్నాను" అన్నాను.

"ఎందుకు? బండి బ్రహ్మాండంగా ఉందిగా."

"బండి కోసం కాదు" అన్నాను.

లైను పోయిందేమోనని ఫోన్ తీసి చూశాను. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"పదకొండున్నరకి బస్టాండుకొస్తాను" అంది.